ఆగమన కాలం: ఎదురుచూపులో దైవవిశ్వాసం

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన కాలాన్ని పాశ్చాత్య క్రైస్తవ సంఘాలు ఆగమన కాలం లేదా అడ్వెంట్ అంటాయి. కతోలిక, లూథరన్, ఆంగ్లికన్ సంఘాలకూ, మన ప్రాంతంలోని దక్షిణ ఇండియా సంఘానికీ ఆరాధన సంవత్సరం ఈ కాలంతోనే మొదలవుతుంది. బేత్లెహేములో యేసు పుట్టుకను తలచుకోవడం, ఆయన మళ్లీ వస్తాడన్న వాగ్దానం కోసం ఎదురుచూడడం దీనికి రెండు ముఖాలు. మొదటిది జరిగిపోయింది, రెండోది ఇంకా జరగలేదు. ఆ రెండింటి నడుమ దేవుణ్ణి నమ్ముకుని ఎలా బతకాలన్నదే ఈ కాలపు పాఠాలకూ ప్రార్థనలకూ పాటలకూ కేంద్రం.

నమ్మకానికి అంకితమైన ఈ వారాల్లో సందేహానికీ చోటుంది. హడలిపోయిన ఒక రాజు, దేవదూత మాట నమ్మలేక మూగబోయిన ఒక యాజకుడు, చెరసాల నుంచి కబురంపి ప్రశ్నించిన ఒక ప్రవక్త, ఈ ముగ్గురి కథలూ ఆరాధనలో చదువుతారు. ఆగమన కాలపు పాటల్లో, ధ్యానాల్లో బాగా నిలిచినవాటిలో కొన్ని మహమ్మారి సోకిన ఊళ్లలోనో, జైలు గదుల్లోనో పుట్టాయి.

కాలగణన

నవంబరు 30 అపొస్తలుడైన అంద్రెయ పండుగ. దానికి అతి దగ్గరగా పడే ఆదివారం ఆగమన కాలపు మొదటి ఆదివారం. అంటే అది నవంబరు 27కు ముందు రాదు, డిసెంబరు 3 దాటదు. అందువల్ల ఈ కాలం పొడవు ఏడాదికో తీరుగా 22 రోజుల నుంచి 28 రోజుల దాకా మారుతుంది. 2022లో క్రిస్మస్ ఆదివారం వచ్చింది కాబట్టి పూర్తి 28 రోజులు దొరికాయి. 2023లో నాలుగో ఆదివారం డిసెంబరు 24నే పడి, పొద్దున ఆగమన ఆరాధన, రాత్రికి క్రిస్మస్ ఆరాధన జరిగాయి.

బలిపీఠం మీది గుడ్డలూ గురువుల పైవస్త్రాలూ ఊదా రంగుకు మారతాయి. స్వీడన్‌తో పాటు కొన్ని లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో నీలం కూడా వాడతారు. మూడో ఆదివారం సంతోషానికి గుర్తుగా కొన్ని చోట్ల గులాబి రంగు కనిపిస్తుంది. కతోలిక పూజలో ఆదివారాల్లో పాడే మహిమ గీతాన్ని ఈ నాలుగు వారాలూ ఆపేస్తారు. అల్లెలూయాను మాత్రం ఆపరు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో అదీ ఉండదు. సంయమనం ఉన్నా ఇది దుఃఖకాలం కాదన్న తేడా అక్కడ తెలుస్తుంది. 1969లో సంస్కరించిన రోమన్ ఆరాధన పంచాంగం దీన్ని భక్తితో, సంతోషంతో ఎదురుచూసే కాలంగా నిర్వచించింది. డిసెంబరు 16 దాకా రెండో రాకడ మీదా, 17 నుంచి 24 దాకా యేసు జననానికి దారితీసిన ఘటనల మీదా దృష్టి నిలుస్తుంది.

పుట్టుక, పరిణామం

ఈ ఆచారం రోమ్‌లో మొదలైనట్టు కనిపించదు. దీనికి దగ్గరగా ఉన్న తొలి ప్రస్తావన 380లో స్పెయిన్‌లోని సరగోసా సభలో దొరుకుతుంది. డిసెంబరు 17 నుంచి జనవరి 6 దాకా విశ్వాసులు రోజూ సంఘానికి రావాలని ఆ సభ తీర్మానించింది. ఐదో శతాబ్దంలో ఫ్రాన్సు ప్రాంతపు టూర్ నగర బిషప్ పెర్పెతూస్, నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజుల ఉపవాసం విధించాడు. తర్వాతి శతాబ్దం చివర్లో మాకోన్ సభ ఆ నియమాన్ని విస్తరించింది. రోమ్ ఆచారంలో వారాల సంఖ్య క్రమంగా నాలుగుకు స్థిరపడింది. మిలాన్ నగరం మాత్రం తన పాత అంబ్రోసియన్ క్రమం ప్రకారం నేటికీ ఆరు ఆదివారాలు పాటిస్తోంది.

తూర్పు సంఘాలు ఈ కాలాన్ని ఉపవాసంగానే నిలుపుకున్నాయి. బైజాంటైన్ సంప్రదాయంలో నవంబరు 15 నుంచి 40 రోజులు మాంసం, పాల పదార్థాలు మానేస్తారు. ఇథియోపియా సంఘంలో ఇది 43 రోజుల ప్రవక్తల ఉపవాసం. క్రీస్తు రాక కోసం ఎదురుచూసిన ప్రవక్తలతో కలిసి తామూ ఎదురుచూస్తున్నామని అక్కడి విశ్వాసుల భావన. కేరళలోని సిరియా సంప్రదాయ క్రైస్తవులు డిసెంబరు 1 నుంచి 25 నోంబు అనే ఉపవాసం పట్టి, క్రిస్మస్ నాడు విరమిస్తారు.

ఎదురుచూసేది దేనికోసమన్న ప్రశ్నకు తొలి వేదాంతులే జవాబు వెతికారు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్ సిరిల్, బాప్తిస్మానికి సిద్ధమవుతున్నవారికి క్రీస్తు రాకడలు రెండని బోధించాడు. పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి క్లెర్వో బెర్నార్డు ఆ రెండింటి నడుమ మూడోదాన్ని చేర్చాడు. పశువుల తొట్టిలో జరిగిన రాక, లోకాంతంలో జరగబోయే రాక అందరికీ కనిపించేవి. విశ్వాసి హృదయంలోకి రోజూ జరిగే రాక కంటికి కనబడదు. దైవవిశ్వాసాన్ని ఆగమన కాలపు మామూలు దినచర్యకు ముడివేసింది ఈ మూడో రాకే.

ఆహాజు, యోసేపు

సంఘాలు పాఠాలను మూడేళ్ల వరసలో చదువుతాయి. మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా సువార్తలకు ప్రాధాన్యం. క్రిస్మస్ కథ వినాలని మొదటి ఆదివారం గుడికి వచ్చినవారికి శిశువు మాట వినిపించదు. మూడేళ్లలోనూ ఆ రోజు చదివేది లోకాంతం గురించిన అధ్యాయాలే, మెలకువగా ఉండమన్న హెచ్చరికే. రెండో ఆదివారం ఎడారిలో ప్రకటిస్తున్న యోహాను వస్తాడు. బేత్లెహేముకు దారితీసే కథ నాలుగో ఆదివారానికి గానీ అందదు.

మొదటి ఏడు నాలుగో ఆదివారం చదివే పాత నిబంధన భాగం యెషయా గ్రంథం ఏడో అధ్యాయంలోది. దాని వెనక నిజమైన యుద్ధం ఉంది. క్రీ.పూ. 735 ప్రాంతంలో సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యూదా మీదికి దండెత్తారు. యెరూషలేములో రాజు ఆహాజుతో సహా జనమంతా గడగడలాడిపోయారు. ముట్టడి వస్తే నీటి సంగతేమిటన్న చింత కాబోలు, చాకిరేవు దారిలో పై కోనేటి కాలువ దగ్గర ఉన్న రాజును ప్రవక్త యెషయా తన కొడుకును వెంటబెట్టుకుని కలిశాడు. ఆ రాజులిద్దరూ ఆరిపోతున్న కొరకంచులని, భయపడవద్దని, దేవుని మాట నమ్మకపోతే నిలవలేవని చెప్పాడు. కావాలంటే ఒక సూచన అడగమన్నాడు. దేవుణ్ణి శోధించనంటూ ఆహాజు భక్తి మాటలతోనే తప్పించుకున్నాడు. అడగకపోయినా ప్రవక్త చెప్పిన సూచన, ఇమ్మానుయేలు అనే శిశువు పుట్టుక.

ఆహాజు దారి వేరు. దేవాలయంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు చక్రవర్తి మూడో తిగ్లత్పిలేసెరుకు కానుకగా పంపి, ఆదుకోమని వేడుకున్నాడు. రాజనీతిగా చూస్తే ఆ లెక్క తప్పలేదు. క్రీ.పూ. 732లో దమస్కు అష్షూరు చేతిలో కూలింది, సిరియా ముప్పు తొలగింది. కానీ యూదా కప్పం కట్టే సామంత రాజ్యమైపోయింది. రక్షకుడనుకున్న అష్షూరు సైన్యమే క్రీ.పూ. 701లో, ఆహాజు కొడుకు హిజ్కియా కాలంలో, యూదా పట్టణాలను నేలమట్టం చేసింది.

అదే ఆదివారం సువార్త పాఠం యోసేపు కథ. పెళ్లి నిశ్చయమైన మరియ గర్భవతి అని తెలిసి, రచ్చకెక్కించకుండా విడిచిపెట్టాలనుకున్న నజరేతు వడ్రంగి అతను. కలలో విన్న మాట నమ్మి మరియను ఇంటికి తెచ్చుకున్నాడు. సువార్తల్లో యోసేపు నోట ఒక్క మాట కూడా నమోదు కాలేదు, అతను చేసిన పనులే ఉన్నాయి. సూచన ఇస్తానన్నా వద్దన్న రాజునూ, కలను నమ్మి లేచి నడిచిన వడ్రంగినీ ఒకే పూట పక్కపక్కన వినిపించడం పాఠాల క్రమాన్ని కూర్చినవారు తెలిసి చేసిన ఏర్పాటు.

ప్రశ్నించినవారు

కతోలిక పంచాంగంలో డిసెంబరు 19న యాజకుడు జెకర్యా కథ, మర్నాడు మరియ కథ చదువుతారు. ఇద్దరి దగ్గరికీ వచ్చింది గబ్రియేలు దూతే. ఇద్దరూ ప్రశ్న వేశారు. ముసలితనంలో కొడుకు పుడతాడంటే నమ్మడమెలాగని అడిగిన జెకర్యాకు, బిడ్డ పుట్టేదాకా మాట పడిపోయింది. ఇది ఎలా జరుగుతుందని అడిగిన మరియకు వివరణ దొరికింది. పైకి ఒకేలా వినిపించే ఈ రెండు ప్రశ్నలకు రెండు ఫలితాలెందుకని తొలి సంఘపు వేదాంతి అగస్టీను తన ప్రసంగాల్లో చర్చించాడు. మాటలు ఒకటే అయినా, దేవుడు చూసింది వాటి వెనకున్న హృదయాలనని ఆయన సమాధానం. మూగబోయిన జెకర్యాకు కూడా వాగ్దానం తప్పలేదు. అతని భార్య ఎలీసబెతు యోహానును కన్నది.

ఆ యోహానే పెద్దవాడై యొర్దాను ఒడ్డున ప్రకటించి, గలిలయ పాలకుడు హేరోదు అంతిప చెరలో పడ్డాడు. రావలసినవాడు యేసే అని అందరికన్నా ముందు ప్రకటించిన మనిషి, వస్తాడన్నవాడివి నువ్వేనా, లేక ఇంకొకరి కోసం చూడాలా అని తన శిష్యులతో అడిగించాడు. యేసు అవుననో కాదనో చెప్పలేదు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, పేదలకు సువార్త అందుతోంది, మీరు చూసినదే వెళ్లి చెప్పండని పంపించాడు. యోహాను మాత్రం చెరసాల నుంచి ప్రాణాలతో బయటికి రాలేదు. మత్తయి పదకొండో అధ్యాయంలోని ఈ భాగాన్ని మొదటి ఏడు, సంతోషానికి ప్రత్యేకించిన మూడో ఆదివారం నాడే చదువుతారు. సందేహాన్ని విశ్వాసానికి బయట పెట్టకుండా లోపలికి తీసుకున్న ఏర్పాటిది.

పాటల్లో

జర్మన్ లూథరన్ సంఘాల్లో ఆరాధన సంవత్సరం ముగింపుకూ ఆగమనానికీ నడుమ మోగే గొప్ప కీర్తన, కావలివాళ్ల పిలుపుతో మొదలయ్యే "వాఖెట్ ఆఉఫ్". దాన్ని రాసిన ఫిలిప్ నికొలాయ్ వెస్ట్‌ఫాలియాలోని ఊనా పట్టణంలో పాస్టరు. 1597లో ఆ ఊరిని ప్లేగు ముంచెత్తి, కొన్ని నెలల్లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్లను పూడ్చే బాధ్యత పడ్డ ఆ పాస్టరు ఆ రోజుల్లోనే నిత్యజీవం గురించి ధ్యానిస్తూ ఒక పుస్తకం రాసుకున్నాడు. 1599లో అచ్చయిన ఆ పుస్తకంలో ఈ కీర్తన ఉంది. పెండ్లికుమారుడు అర్ధరాత్రి వస్తాడన్న యేసు ఉపమానమే దానికి ఆధారం. సుమారు 130 ఏళ్ల తర్వాత, 1731లో, యోహాన్ సెబాస్టియన్ బాక్ దాని మీద ప్రసిద్ధమైన కాంటాటా (గాయకులు, వాద్యాలు కలిసిన సంగీత రచన) కట్టాడు.

బాక్ పనిచేసిన లైప్‌జిగ్‌లో మొదటి ఆదివారం కాంటాటా వినిపించాక, రెండో ఆదివారం నుంచి నాలుగో ఆదివారం దాకా వాద్యాలతో కూడిన సంగీతం ఉండేది కాదు. క్రిస్మస్ ఉదయం వాద్యాలు మళ్లీ మోగేవి.

ఇరవయ్యో శతాబ్దపు ఆగమన గీతాల్లో యోఖెన్ క్లెప్పర్ 1937 డిసెంబరులో రాసిన పాట జర్మన్ సంఘాల కీర్తనల పుస్తకాల్లో నిలిచింది. రాత్రి చాలావరకు గడిచిందన్న పౌలు మాట దానికి మూలం. క్లెప్పర్ భార్య యూదు స్త్రీ. నాజీ ప్రభుత్వం ఆమెనూ, ఆమె కూతురినీ నిర్బంధ శిబిరానికి పంపడం ఖాయమని తేలాక, 1942 డిసెంబరులో, ఆగమన కాలంలోనే, ముగ్గురూ కలిసి ప్రాణాలు తీసుకున్నారు. ఆ పాటను సంఘాలు నేటికీ పాడుతున్నాయి. దాన్ని రాసినవాడి చావును వేదాంతులు తేలిక మాటలతో దాటేయలేకపోయారు.

జైలు గదుల్లో

బెర్లిన్‌లోని టేగెల్ జైలు ఇద్దరు క్రైస్తవ ఆలోచనాపరుల వల్ల ఆగమన సాహిత్యంలోకి ఎక్కింది. లూథరన్ వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్‌ను 1943 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. ఆ నవంబరులో మిత్రుడు ఎబర్‌హార్డ్ బెట్గెకు రాసిన ఉత్తరంలో, జైలు గదిని ఆగమన కాలంతో పోల్చాడు. లోపలివాడు ఆశపడుతూ ఏవో చిన్న పనులు చేసుకుంటాడు, తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలని ఆ పోలిక సారం. 1944 డిసెంబరులో నాజీ రహస్య పోలీసు దళమైన గెస్టాపో నేలమాళిగ నుంచి, పెళ్లి నిశ్చయమైన మరియా ఫాన్ వేడెమేయర్‌కు రాసిన ఉత్తరంతో పాటు ఒక కవిత పంపాడు. దేవుని మంచి శక్తులు తమను కాచుకుంటాయన్న ఆ కవితను తర్వాత ఎందరో స్వరపరిచారు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బ్యూర్గ్ శిబిరంలో అతన్ని ఉరితీశారు.

జెసూయిట్ గురువు అల్ఫ్రెడ్ డెల్ప్‌ను 1944 జులైలో మ్యూనిక్‌లో పట్టుకున్నారు. హిట్లర్ తర్వాతి జర్మనీ ఎలా ఉండాలని చర్చించిన క్రైసావ్ బృందంలో సభ్యుడు కావడమే నేరం. టేగెల్‌లో చేతులకు సంకెళ్లతోనే ఆగమన ఆదివారాల మీద ధ్యానాలు రాశాడు. మాసిన బట్టల మూటల్లో ఆ కాగితాలు బయటికి చేరాయి. ఆగమనమంటే మనిషిని కుదిపి లేపే కాలమని, భద్రతనుకున్నవన్నీ కూలాకే దేవుని మీద నిజమైన ఆధారం మొదలవుతుందని వాటి సారాంశం. ఆ డిసెంబరు 8న, తన మఠ సంప్రదాయపు తుది ప్రమాణాన్ని జైల్లోనే చేశాడు. 1945 ఫిబ్రవరి 2న ఉరి అమలైంది.

నమ్మకం పేరుతో చేతులు ముడుచుకు కూర్చోవడాన్ని ఈ ఇద్దరూ ఒప్పుకోలేదు. నియంతృత్వాన్ని ఎదిరించే పనుల్లో ఉండగానే ఇద్దరూ పట్టుబడ్డారు. ఈ కాలాన్ని సేవతో కలిపే ధోరణి యుద్ధానంతర జర్మనీలో బలపడింది. ప్రొటెస్టెంటు సంఘాల "బ్రోట్ ఫ్యూర్ డీ వెల్ట్" అనే ఆకలి నివారణ ఉద్యమం 1959 డిసెంబరు 12న, ఆగమన కాలంలోనే, బెర్లిన్‌లో మొదలైంది. నేటికీ దాని ఏటి విరాళ సేకరణ మొదటి ఆగమన ఆదివారం ప్రారంభమవుతుంది.

దీపాలు, తలుపులు, తెల్లవారు పూజలు

ఆగమన దీపవలయం పుట్టుక ఒక అనాథ ఆశ్రమంలో. హాంబుర్గ్‌లో పేదపిల్లల కోసం యోహాన్ హిన్రిక్ విఖెర్న్ 1833లో "రావుహెస్ హౌస్" స్థాపించాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు ఊపిరాడనివ్వకపోవడంతో, 1839లో ఒక బండి చక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు అమర్చి, రోజుకొకటి చొప్పున వెలిగించాడు. ఇళ్లలోకి వచ్చేసరికి అది నాలుగు కొవ్వొత్తుల పచ్చని వలయంగా చిన్నదైంది. నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అని ఆ నాలుగింటికీ పేర్లు పెట్టుకోవడం తర్వాతి అలవాటు.

రోజులు లెక్కపెట్టే ఆగమన క్యాలెండర్ కూడా జర్మనీదే. మ్యూనిక్ ముద్రాపకుడు గెర్‌హార్డ్ లాంగ్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అచ్చు క్యాలెండర్లు తెచ్చాడు. తెరిస్తే బొమ్మ కనిపించే చిన్న తలుపులు కొన్నేళ్ల తర్వాత వచ్చాయి. నేడు వాటి వెనక వాక్యాలకన్నా చాక్లెట్లే ఎక్కువ.

ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే పూజ జరుగుతుంది. రైతులు పొలానికి వెళ్లేలోపు ముగించేందుకు స్పెయిన్ పాలనలో పెట్టిన వేళ అది. పూజ అయ్యాక గుడి వాకిట్లో బియ్యప్పిండి పిండివంటలు వేడివేడిగా అమ్ముతారు. అవే తొమ్మిది రాత్రులు మెక్సికోలో యోసేపు, మరియ వేషాలు కట్టిన ఊరేగింపు ఇంటింటి తలుపూ తట్టి బస అడుగుతుంది. ముందు కాదంటారు, చివరికి ఒక ఇంట్లో రానిస్తారు.

ఉత్తర ఐరోపాలో డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు కాబట్టి చీకటి, వెలుగుల భాష ఈ కాలానికి అతుక్కుపోయింది. అదే డిసెంబరు ఆస్ట్రేలియాలో నడివేసవి.

తెలుగు సంఘాలలో

తెలుగు నేలకు ఆగమన కాలం కతోలిక గురువులతో, ఆ తర్వాత లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు మిషనరీలతో వచ్చింది. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరడంతో అక్కడ లూథరన్ సంప్రదాయం వేరూనింది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఆరాధన పంచాంగం నాలుగు ఆదివారాలనూ నిలుపుకుంది. ఆ సంఘపు మెదక్ కెథడ్రల్ కరవు కాలంలో పని కల్పించి తిండిగింజలిచ్చే పద్ధతిలో మెథడిస్టు మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించినది. దాన్ని ప్రతిష్ఠించింది 1924 క్రిస్మస్ నాడు.

కతోలిక విచారణల్లో ఈ వారాలు పాపసంకీర్తనానికీ ధ్యానాలకూ వేళ. మరియమ్మ, జోజప్ప (యోసేపు)ల కథ చెప్పే బెత్లెహేము పాకను గుడి పక్కన కట్టినా, తొట్టిలో బాలయేసు ప్రతిమను డిసెంబరు 24 రాత్రిదాకా పెట్టని చోట్లున్నాయి. ప్రొటెస్టెంటు పల్లెల్లో నవంబరు చివరి నుంచే వెదురు గడలకు నక్షత్రాలు లేస్తాయి. యువజనులు డోలక్, గిటారు పట్టుకుని చలిలో ఇంటింటికీ క్యారల్స్ రౌండ్స్ తిరుగుతారు.

నెలంతా సాగే సెమీ క్రిస్మస్ వేడుకలు ఈ ప్రాంతపు ప్రత్యేకత. బడుల్లో, ఆఫీసుల్లో, సంఘాల్లో డిసెంబరు మొదటి వారం నుంచే కేకు కోసి, నాటికలు వేస్తారు. సెలవులకు ముందే అందరూ కలవాలన్నది అందుకు మామూలు కారణం. ఎదురుచూడాల్సిన నెలలో పండుగ ముందే చేసేసుకుంటున్నారని ఆగమన కాలాన్ని పాటించే పాస్టర్లు కొందరు ప్రసంగాల్లో విసుక్కుంటారు. ఇతర మతస్థులైన ఇరుగుపొరుగు కూడా వచ్చే సభలివేనని, సువార్త చెప్పడానికి ఇంతకు మించిన అవకాశం లేదని నిర్వాహకులు బదులిస్తారు.

బాప్టిస్టు సంఘాల్లో చాలావాటికీ, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలకూ ఆగమన ఆదివారాల లెక్క లేదు. రాకడ ప్రసంగాలు అక్కడ ఏడాది పొడవునా నడుస్తాయి. వాగ్దానాన్ని నమ్మి ఎదురుచూడడమనే భావం ఆ సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలోకి చేరింది. నిండిపోయిన మందిరాల్లో పన్నెండు దాటాక, కొత్త ఏటికి దేవుడిచ్చిన వాగ్దానంగా ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం ముద్రించిన కార్డు తీసుకుంటారు. చాలా ఇళ్లలో ఆ కార్డు మళ్లీ డిసెంబరు దాకా గోడ మీదో, బైబిలు పేజీల మధ్యో ఉంటుంది.